రేడియేటర్ పైపు కోసం తోడొచ్చిన కాక

మొన్న ఉప్పల్ రింగు రోడ్డు పక్కన స్పేర్ పార్ట్స్ కొట్టుకు ఫ్యాన్ బెల్టు కోసం వెళ్లాను. కొట్టాయన నన్ను చూసి నవ్వాడు. తర్వాత నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. మెట్ల మీద ఎవరూ లేరు.

"ఒక్కదానివే వచ్చినవా అక్కా? కాక ఏడి?"

"కాక ఎండాకాలంల పోయిండు అన్నా."

ఆయన చేతిలో ఉన్న బెల్టును కౌంటర్ మీద పెట్టేసి, కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నాడు. టీ చెప్పాడు. ఎట్లా పోయాడని అడగలేదు. టీ వచ్చాక, "మా బామ్మర్దికి పిల్లను సూడనీకె పోతుంటె మాతోని గూడ వచ్చిండు ఒకసారి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వే ఎక్కువ వచ్చింది. ఎందుకంటే ఆ పెళ్లిచూపులకు కాకను ఎవరూ పిలిచి ఉండరు.

కాక మాకు చుట్టం కాదు. నాచారంలో మా గల్లీ చివరి ఇల్లు వాళ్లది. ఎవరింట్లో ఎవరు చెప్పులు వేసుకుంటున్నా ఆ చప్పుడు ఆయనకు వినపడేది. మనం గేటు తీసేసరికి అక్కడుండేవాడు. "యాడికి బిడ్డా?" అని అడిగేవాడు. కూరగాయలకని చెప్పినా, కరెంటాఫీసుకని చెప్పినా, దవాఖానాకని చెప్పినా, "ఆగు, నేనొస్త" అనేవాడు. లోపలికి వెళ్లి చొక్కా మార్చుకొనే పని కూడా లేదు. పొద్దున్నే పొడుగు చేతుల తెల్ల చొక్కా తొడుక్కొని, తల దువ్వుకొని, ఎవరు బయల్దేరుతారా అని సిద్ధంగా కూర్చునేవాడు.

తోడు వచ్చినవాడు ఊరికే ఉంటాడా అంటే ఉండడు. నాకొకసారి నడుం పట్టేస్తే హబ్సిగూడలో డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఎప్పటి నుంచి నొప్పి అని డాక్టరు నన్నడిగాడు. "మొన్న ఆయితారం నుంచి సార్, బకెట్ లేపింది" అని కాక చెప్పాడు. నిజమే, ఆదివారం నుంచే. బకెట్ సంగతి కూడా నిజమే. రాత్రిళ్లు నిద్ర పడుతుందా అని డాక్టరు నేరుగా ఆయన్నే అడిగాడు. అప్పుడు మాత్రం కాక కొంచెం ఆలోచించి, "అది ఆమెనే చెప్పాలె" అని నాకు అవకాశం ఇచ్చాడు.

ఆయన భార్యను మేమంతా చిన్నమ్మ అంటాం. ఆవిడకు ఈ తోడు పిచ్చి మీద కోపమేమీ ఉండేది కాదు. "నన్ను సూడనీకె వచ్చినోడు ఈయన గాదు బిడ్డా. వచ్చినోనికి తోడు వచ్చిండు" అని పప్పు రుబ్బుతూ చెప్పేది. ఆ వచ్చినవాడు ఏమయ్యాడని అడిగితే, "ఆయన సిగ్గుకు ఒక్క మాట మాట్లాడలె. ఈయన ఒక్క మాట మాట్లాడనియ్యలె" అనేది. కాక అరుగు మీద కూర్చొని, ఆ మాటలు తన గురించి కానట్టు గోళ్లు చూసుకునేవాడు.

ఆయనకో సిద్ధాంతం ఉంది. "ఒక్కరు పోయి అడిగితె కుర్సీల కెల్లి లెవ్వకుండనే లేదంటరు. ఇద్దరు నిలవడ్డరనుకో, లోపటికి పోయి సూసొస్తరు. గంతే." నేను నమ్మలేదు. ఉప్పల్‌లో డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నదాన్ని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బ్రేకుకూ క్లచ్చుకూ తేడా తెలియనివాళ్ల పక్కన కూర్చుంటాను. నాకు ఎవరి తోడూ అక్కర్లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని పోగొట్టింది ఒక రబ్బరు పైపు.

మా స్కూల్లో డ్రైవింగ్ నేర్చుకున్న ఒకావిడ తార్నాకలో పాత ఇల్లు ఖాళీ చేస్తూ, షెడ్డులో పడి ఉన్న కారును నాకు అప్పగించింది. విలాయతీ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైకప్పు గుడ్డది, ముక్కు పొడవు. ఎత్తు ఎంత తక్కువంటే, అందులో కూర్చుంటే పక్కనున్న ఆటో చక్రాలు మన చెవి దగ్గర తిరుగుతుంటాయి. దాని ఇంజను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నాచారంలో బండ్లు బాగుచేసే మా మిస్త్రి దాన్ని పీకేసి, తుక్కుకు వచ్చిన ఒక వ్యాను ఇంజను తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. కాగితాల పని కూడా పూర్తయింది. ఇంజను మొదటిసారి పలికిన రోజు నేను మిస్త్రి చేతులు పట్టుకొని ఎగిరాను.

కానీ కారు గల్లీ దాటలేదు. ఇంజనులోంచి వేడి నీళ్లు బయటికి వచ్చే మూతి ఎడమ పక్కనుంది. రేడియేటర్ మూతి కుడి పక్కనుంది. మధ్యలో బ్యాటరీ కూర్చుంది. ఒక మూతి సన్నం, ఇంకొకటి వెడల్పు. కాబట్టి మాకు కావలసిన పైపు ఒక కొస సన్నగా, ఒక కొస వెడల్పుగా, బ్యాటరీని చుట్టి పోయేట్టు వంపు తిరిగి ఉండాలి. అలాంటి పైపు ఏ కంపెనీ ఎందుకు చేస్తుంది? అలాంటి కారు లోకంలో ఇదొక్కటే. తిన్నని పైపును వంచితే మడత పడి నీళ్లు ఆగిపోతున్నాయి. ముడతల పైపు వేసి చూస్తే గల్లీ మలుపులోనే కారిపోయి, ఇంజను పొగలు కక్కింది. పక్కింటివాళ్లు ఏదో తగలబడిందని బిందెలతో వచ్చారు.

మా ఆయన బళ్లో లెక్కలు చెబుతాడు. మంచివాడే. అయితే కారు షెడ్డులో ఉంటే ఆయన స్కూటరు వానలో ఉంటోంది. రెండు వానాకాలాలు ఓర్చుకున్నాడు. ఆ ఏడు దసరాకు వారం ముందు, అన్నం తింటూ తింటూ మెల్లగా చెప్పాడు. "దసరనాడు నీ బండి జమ్మి దాక పోయి వస్తె షెడ్డు దానిదే, నేనేమన. పోకపోతె అమ్ముదాం. ఘట్‌కేసర్ దిక్కు ఒకాయన అడుగుతున్నడు."

ఎవరాయన, ఎందుకడుగుతున్నాడని ఆరా తీశాను. ఆయనది రిసార్టు. కారును గేటు ముందు నిలబెట్టి, బానెట్ తీసేసి, లోపల పూలకుండీలు పెడతాడట. వచ్చినవాళ్లు దాని పక్కన ఫొటోలు దిగుతారట. నాకు అన్నం దిగలేదు. అమ్మితే అమ్మాను, నడిపేవాడికి అమ్ముతాను కానీ బంతిపూల మడికి ఎట్లా ఇస్తాను? అయినా మాట అంటే మాటే. సరేనన్నాను.

పండుగ రెండు రోజుల్లోకి వచ్చింది. మిస్త్రి ఒక లావుపాటి ఇనుప తీగను ఇంజను మూతి దగ్గర మొదలుపెట్టి, బ్యాటరీ పక్క నుంచి చుట్టి, రేడియేటర్ మూతి దాకా వంచాడు. "అక్కా, గిదే మన పైపు. ఏ బండిదైనా ఫికర్ లేదు, లారీదైనా ట్రాక్టర్‌దైనా. దీని లెక్క ఉండాలె. తీగె వంగొద్దు, పైలం" అని నా చేతికిచ్చాడు. నేను చెప్పులు వేసుకున్నాను. గేటు తీశాను.

"యాడికి బిడ్డా?"

కాక కారు గురించి తెలిసినవాడు కాదు. రేడియేటర్ అంటే లైట్లలాంటిదేదో అనుకున్నాడని దారిలో తేలింది. తీగను మాత్రం నా చేతిలోంచి తీసుకొని, పెళ్లికొడుకు కత్తి పట్టుకున్నట్టు నిటారుగా పట్టుకొని ఆటో ఎక్కాడు.

మొదటి కొట్టు ఇదే, మొన్న నేను వెళ్లిన కొట్టు. అప్పటికి కొట్టాయన మాకు తెలియదు. ఫోన్లో ఏదో చూసుకుంటూ, తీగ వైపు తల కూడా తిప్పకుండా లేదన్నాడు. నేను వెనక్కి తిరిగాను. కాక కదల్లేదు. కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి, "సరే సేటూ, లేకపోతె లేదు. ఎండ మస్తుగున్నది, జర నీడకు నిలవడ్తం" అన్నాడు. తర్వాత గోడ మీద దేవుడి పటానికి దండం పెట్టాడు. దండ బాగుందన్నాడు. సేటు కళ్ల కింద వాపు చూసి నిద్ర సరిపోవడం లేదా అని అడిగాడు. పైపు మాటే ఎత్తలేదు. నేను పళ్లు కొరుకుతున్నాను. కాసేపటికి ఆ మనిషి ఫోను జేబులో పెట్టి, నిట్టూర్చి, లోపలికి వెళ్లి, ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చి మా ముందు బోర్లించాడు. అన్నీ పైపులే.

వాటిలో మాది లేదు. కానీ సేటుకు పట్టుదల వచ్చేసింది. నాలుగు కొట్ల అవతల ఇంకొకాయన దగ్గర పాత సరుకుంటుందని చెప్పాడు. "నువ్వు గూడ రారాదు సేటూ, నీ మాటైతె ఇంటడు" అన్నాడు కాక. ఆయన నిజంగానే కొట్టును పక్కవాళ్లకు అప్పజెప్పి చెప్పులు వేసుకున్నాడు! ఆ రెండో కొట్టులో పైపులు కొక్కేలకు పొట్లకాయల్లా వేలాడుతున్నాయి. అక్కడా మాది లేదు. మూడో కొట్టుకు రెండో కొట్టాయన కూడా వచ్చాడు. మమ్మల్ని తెచ్చిన ఆటో అతను, "నేను గూడ సూస్త, గది ఎట్లుంటదో" అని దిగాడు. ఒక పైపు కోసం ఇంతమంది బజారు మీద నడుస్తుంటే జనం ఏదో గొడవనుకొని పక్కకు తప్పుకున్నారు. ఆ రోజు నాకు కాక సిద్ధాంతం కొద్దికొద్దిగా అర్థమవడం మొదలైంది.

ఉప్పల్ అయిపోయింది, పైపు దొరకలేదు. సేట్లు వెనక్కి వెళ్లారు. మేమిద్దరం అదే ఆటోలో హబ్సిగూడ వైపు వెళ్లాం. అక్కడ ఒక హాస్టల్ ముందు ఒకమ్మాయి మురికినీళ్ల మోరీ మీది ఇనుప జాలీ దగ్గర వంగి ఏడుస్తోంది. గది తాళంచెవి మోరీలో పడిందట. పరీక్షకు టైమవుతోందట, హాల్ టికెట్టు గదిలో ఉందట. నేను అయ్యో అనేలోపే కాక మా తీగను తిన్నగా సాగదీసేశాడు.

"కాకా! తీగె!"

"ఒక్క నిమిషం బిడ్డా."

మోకాళ్ల మీద కూర్చొని, తెల్ల చొక్కా మోచేతుల దాకా మడిచి, తీగ చివర కొక్కెం చేసి మోరీలోకి దించాడు. పైకి తీసేసరికి తాళంచెవి వేలాడుతూ వచ్చింది. ఆ అమ్మాయి దాన్ని కడుక్కోకుండానే పరుగెత్తింది. కాక లేచి, తీగను తుడిచి, మోకాలికి ఆనించి మళ్లీ వంచాడు. "గిట్లనే ఉండె. నాకు యాదికున్నది" అన్నాడు. నాకు అనుమానమే. మిస్త్రికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. కాక మొహంలో మాత్రం అనుమానమనేది లేదు.

మల్లాపూర్‌లో, ఫ్యాక్టరీ గోడల మధ్య చిన్న కొట్టులో పైపు దొరికింది. ఏదో పాత టెంపోదట. తీగ పక్కన పెడితే రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఒక కొస సన్నం, ఒక కొస వెడల్పు. నేను ఆ కొట్టాయనకు దండం పెట్టాను. కాక పైపును చంకలో పెట్టుకొని, దారి పొడవునా ఆటో అతనికి రేడియేటర్ అంటే ఏమిటో వివరించాడు.

మిస్త్రి పైపును అటు తగిలించాడు, ఇటు తగిలించాడు. రెండు మూతులకూ సరిపోతోంది. కానీ మధ్యలో వంపు నేరుగా వెళ్లి బ్యాటరీని గుద్దుకుంటోంది. అతను తీగను తీసుకొని చూశాడు. నన్ను చూశాడు. కాకను చూశాడు.

"అక్కా, గిది నేనిచ్చిన తీగె గాదు."

బ్యాటరీని చుట్టి పోయే వంపును కాక మరిచిపోయి, అడ్డదారిన వంచేశాడు. మేము ఊరంతా తిరిగి, ఆ తప్పుడు తీగకు సరిగ్గా సరిపోయే పైపును వెతికి తెచ్చాం. తెల్లవారితే సద్దుల బతుకమ్మ, మర్నాడే దసరా, కొట్లన్నీ పూజలకు మూసేస్తారు. పూలకుండీలు నా కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. నాకు కోపం వస్తే నోరు ఆగదు. "నిన్ను ఎవలు రమ్మన్నరు కాకా? అసలు నిన్ను ఎవలన్న పిల్సిన్రా?" అని అరిచాను.

కాక నొచ్చుకుంటాడనుకున్నాను. నొచ్చుకోలేదు. "ఎవలు పిలుస్తరు బిడ్డా? నేనే వచ్చిన" అన్నాడు, ఎవరైనా దారి అడిగితే చెప్పినట్టు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. అంతకంటే పెద్ద మాటలు విన్నవాడాయన, విన్న తర్వాత కూడా వెళ్లిపోనివాడు.

వెళ్లిపోకుండా, బానెట్ కింద తల దూర్చి చూశాడు. బ్యాటరీని వేలితో పొడిచాడు.

"గీ డబ్బ గీడనే ఉండాల్నా?"

మిస్త్రి పకపకా నవ్వాడు. "కాకా, అది బ్యాటరీ."

"అయితేంది? మా ఇంట్ల ఫ్రిజ్ పట్టకపోతె మంచం జరిపినం. ఫ్రిజ్ కోస్తమా?"

మిస్త్రి ఇంకాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. స్పానరుతో చెవి వెనక గోక్కుంటూ కారు చుట్టూ నడిచి వెళ్లి, వెనక డిక్కీ తెరిచాడు. అందులో ఒక సూట్‌కేసు పట్టేంత చోటుంది. "పొడుగు కేబుల్ గుంజితె... అక్కా, బ్యాటరీ డిక్కీల పెడ్దాం. మస్తు బండ్లకు గట్లనే ఉంటది. నాకే తట్టలె" అన్నాడు. అని, కాకను గట్టిగా వాటేసుకున్నాడు. తెల్ల చొక్కాకు గ్రీజు అంటింది. మిస్త్రి ఎందుకు వాటేసుకున్నాడో తెలియకపోయినా కాక తిరిగి వాటేసుకున్నాడు.

మర్నాడు సాయంత్రానికి కేబుల్ లాగి, బ్యాటరీ బిగించి, పైపు తగిలించి, నీళ్లు పోసి ఇంజను స్టార్ట్ చేశాం. వేడి ఎక్కేదాకా ఆగాలి. ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకొని గల్లీలోంచి వెళ్తూ మా గేటు దగ్గర ఆగి తొంగి చూశారు. కాక పసిపిల్లకు జ్వరం చూసినట్టు పైపు మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. "గరమైతున్నది... ఇంక గరమైతున్నది... అమ్మో!" అని చెయ్యి తీసేశాడు. ఆ క్షణాన రేడియేటర్ ఫ్యాను గిర్రున తిరిగింది. క్లిప్పుల కింద వేలు పెట్టి, ఆ వేలు చొక్కాకు రుద్ది అందరికీ చూపించాడు. తడి లేదు. బతుకమ్మల వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఇంట్ల నడుసుడు వేరు, రోడ్డు మీద నడుసుడు వేరు" అన్నాడు. లెక్కల మాస్టరు కదా.

దసరా నాడు కారుకు పసుపు కుంకుమ పెట్టి, బంతిదండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. పైకప్పు మడిచేశాను. నేను తాళాలు తెచ్చేసరికి పక్క సీట్లో కాక ఉన్నాడు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. "మీరు పోండ్రి, నేను స్కూటర్ మీద వస్త" అన్నాడు మా ఆయన. నిమ్మకాయలు పగిలాయి. గల్లీ దాటాం. ముడతల పైపు కారిన మలుపు దాటాం. నాచారం చౌరస్తాలో పండుగ ట్రాఫిక్కులో ఇరుక్కున్నాం. ముందు బస్సు, వెనక లారీ. మీటరులో వేడి చూపించే ముల్లు పైకి లేస్తోంది. నేను ముల్లునే చూస్తున్నాను. కాక మాత్రం బస్సు కిటికీల్లోని జనానికి చేతులూపుతూ, "రేడియేటర్ పైపు మేమే దెచ్చినం, మల్లాపూర్ కెల్లి!" అని చెబుతున్నాడు. ముల్లు సగం దాకా వచ్చి ఆగింది. ఇంకా కాసేపు చూశాను. ఇక కదల్లేదు.

జమ్మి చెట్టున్న మైదానం దగ్గర కారు ఆపాను. పొగ లేదు, కారడం లేదు. ఆ క్షణంలో కాక మీద నాకు కలిగిన ప్రేమ మా నాన్న మీద కూడా ఎప్పుడూ కలగలేదు. జమ్మి ఆకు తెచ్చి ఆయన చేతిలో పెట్టి కాళ్లు మొక్కాను. అప్పుడే మా ఆయన స్కూటరు వచ్చి ఆగింది. ఆయన చౌరస్తాలో లారీ పక్కన మా వెనకే ఉన్నాడట. ముల్లు ఆయనకు కనపడదు కాబట్టి పొగ వస్తుందేమోనని బానెట్టునే చూస్తూ వచ్చాడట. రెండు వానాకాలాలు తడిసిన స్కూటరు మీద నుంచి, వాన లేని రోజున, చెమటతో తడిసి దిగాడు.

కాక రెండు చేతులతో తలుపు పట్టుకొని, మెల్లగా ఒక్కో కాలు బయటపెట్టి సీట్లోంచి లేచాడు. "రా సారూ, కూసో" అన్నాడు.

"నువ్వు కూసో కాకా. నాకు స్కూటర్ ఉన్నది."

"స్కూటర్ యాడికి పోదు. నువ్వొచ్చినంక ఇంక నాకేం పని?" అంటూ సీటు మీద దుమ్ము దులిపాడు. మేము ఇంకేదో అనేలోపే చొక్కా సర్దుకొని జనంలోకి వెళ్లిపోయాడు. తెల్ల చొక్కా మీద గ్రీజు మరక కొంచెం దూరం కనిపించింది.

నేను స్టీరింగు ముందు, మా ఆయన నా పక్కన కూర్చున్నాం. ఈ రెండేళ్లలో ఆయన అందులో కూర్చోవడం అదే మొదలు. జేబులో ఫోన్ మోగింది. పేరు నాకు చూపించి ఎత్తాడు. రిసార్టాయన. బండి చూడ్డానికి రేపు ఇంటికి రావచ్చా అని అడుగుతున్నాడు.

మా ఆయన కాసేపు ముందున్న పొడవాటి ముక్కును, దాని మీది బంతిదండను చూశాడు.

"బండి ఇంట్ల ఉండదండి" అన్నాడు. "మేము తిరగనీకె పోతున్నం."